చప్పుడు ఆగితేనే వినిపిస్తుంది

డిసెంబరు వచ్చిందంటే చాలు, గోదావరిఖనిలో కార్మికుల క్వార్టర్ల మీద నక్షత్రాలు వెలుగుతాయి. బొగ్గు పొడికి నల్లబడిన ప్రహరీ గోడల మీద రంగు దీపాల తోరణాలు పాకుతాయి. ఇవాళ ఈ సంఘంలో సెమీ క్రిస్మస్, రేపు పక్క సందులోని సంఘంలో సెమీ క్రిస్మస్, ఎల్లుండి యూత్ వాళ్ల క్యారల్స్. రామగుండం ఎన్టీపీసీ నుంచి యైటింక్లయిన్ కాలనీ దాకా ఏ వీధిలో చూసినా షామియానా, దానికి రెండు పక్కలా మనిషెత్తు సౌండ్ బాక్సులు, కేకు, కొవ్వొత్తులు, ముఖ్య అతిథి. చూడముచ్చటగానే ఉంటుంది. కాని ఇంత సందడిలో ఒకటి కనిపించడం మానేసింది. సండేస్కూలు పిల్లలను అడిగితే చాలామంది దాని పేరు కూడా చెప్పలేరు. అది ఆగమన కాలం.

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను ఆగమన కాలమనీ, అడ్వెంట్ అనీ అంటారు. నవంబరు 30కి దగ్గరగా పడే ఆదివారంతో అది మొదలవుతుంది. ఆరాధనా పంచాంగాన్ని పాటించే సంఘాలకు కొత్త సంవత్సరం జనవరి ఒకటిన కాదు, ఈ ఆదివారమే ఆరంభమవుతుంది. బల్ల మీద ఊదా రంగు వస్త్రం పరుస్తారు. ఊదా పండుగ రంగు కాదు, సిద్ధపాటు రంగు. పూర్వం ఈ రోజుల్లో ఉపవాసాలుండేవారు. ప్రభువు ఒకసారి వచ్చాడు, మరోసారి రాబోతున్నాడు. ఈ రెండు రాకల నడుమ నిలబడి చెవి రిక్కించి వినమని సంఘం మనల్ని అడిగే కాలమిది. సెమీ క్రిస్మస్ అన్నది మాత్రం ఆ పంచాంగంలో లేదు. పండుగ దాకా ఆగలేక మనం కల్పించుకున్నదే అది. ఎదురుచూడాల్సిన రోజులనే విందులతో నింపేశాక ఇక ఎదురుచూడటానికి ఏం మిగిలినట్టు?

మాకు క్యారల్స్ మీద కోపమేమీ లేదు. చలిలో గడపగడపకూ తిరిగి, మంచం పట్టిన రిటైర్డు కార్మికుడి పక్కన నిలబడి పాడి, ప్రార్థన చేసి వచ్చే యువకులను చూస్తే సంతోషమే కలుగుతుంది. మా బాధంతా మైకు గురించే. సింగరేణిలో రోజుకు మూడు షిఫ్టులు. పొద్దున ఏడింటికి మొదటిది, మధ్యాహ్నం మూడింటికి రెండోది, రాత్రి పదకొండింటికి నైట్ షిఫ్టు. రాత్రంతా బాయిలో పనిచేసిన మనిషి తెల్లవారాక పైకొచ్చి, ఇల్లు చేరి, స్నానం చేసి, ఇంత తిని పడుకునేసరికి తొమ్మిదో పదో అవుతుంది. సరిగ్గా అప్పుడే పక్క సందులో మైక్ టెస్టింగ్ మొదలవుతుంది. ఏళ్ల తరబడి డ్రిల్లు మోతలో పనిచేసి చెవులు మందగించిన పెద్దలు మా సంఘాల్లో ఉన్నారు, మైకు పెంచకపోతే వాళ్లకు వాక్యం వినపడదని కొందరు వాదిస్తారు. అందులో నిజం లేకపోలేదు. అలాగని ఆ నలుగురి కోసం వీధి వీధినంతా లేపాలా? వాళ్లను ముందు వరుసలో కూర్చోబెడితే సరిపోదా? నిద్ర చాలని కళ్లతో బాయి దిగడం ఎంత ప్రమాదమో కార్మికుల ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఇంతకూ నిశ్శబ్దం విలువ బొగ్గుబాయి మనిషికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. భూగర్భ గనిలో పని మొదలయ్యే ముందు మైనింగ్ సర్దార్ పనిస్థలాన్ని తనిఖీ చేయాలి. పైకప్పును పరీక్షించే పద్ధతి చాలా పాతది, చాలా సులువైనది. ఇనుప మొన ఉన్న కర్రతో పైకప్పును కొడతాడు. ఒక చేయి పైకప్పుకు ఆనించి, రెండో చేత్తో కొట్టి చూస్తాడు. గట్టి రాయి అయితే గంట కొట్టినట్టు ఖణేల్‌మంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డోలు కొట్టినట్టు బోలుగా మోగుతుంది, ఆనించిన చేతికి సన్నటి అదురు తగులుతుంది. ఆ రెండు చప్పుళ్లకు మధ్య ఉన్న తేడాయే కొన్నిసార్లు మనిషి ప్రాణానికీ చావుకీ మధ్య ఉన్న తేడా. పక్కన యంత్రం మోగుతుంటే ఆ తేడా ఎవరికీ వినిపించదు. అందుకే యంత్రం ఆగాలి, మాటలు ఆగాలి. పిల్లర్లు తీసే చోట ఆసరాగా నిలిపిన దుంగలు బరువు పడేకొద్దీ కిర్రుమంటాయి. దుంగ మాట్లాడుతోందంటే బయటికి రమ్మనే అర్థమని పాతతరం కార్మికులు కొత్తవాళ్లకు నేర్పేవారు. ఆ నిశ్శబ్దం ఊరికే కూర్చున్నవాడి నిశ్శబ్దం కాదు. ఒళ్లంతా చెవులు చేసుకున్నవాడి నిశ్శబ్దం.

ఆగమన కాలం మన నుంచి కోరేది సరిగ్గా ఇలాంటి నిశ్శబ్దాన్నే. మన తెలుగు బైబిల్లో దేవుని కోసం ఎదురుచూడటానికి 'కనిపెట్టడం' అనే మాట వాడారు. ఎంత చక్కటి మాట! వాడుకలో దానికి ఎన్ని అర్థాలో చూడండి. పిల్లాణ్ని కనిపెట్టుకుని ఉండమంటే కంటికి రెప్పలా చూసుకోమని. రోగిని కనిపెట్టుకుని ఉండమంటే రాత్రంతా మేలుకొమ్మని. ఎవరికీ తెలియనిదాన్ని బయటపెట్టినా కనిపెట్టడమే. 1871లో భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును కనిపెట్టాడని చెప్పుకుంటాం కదా, అదీ ఈ మాటే. అంటే మన భాషలో ఎదురుచూడటం చేతులు ముడుచుకుని కాలం గడపడం కాదు. కళ్లు అక్కడే పెట్టడం. చూపు తిప్పకుండా చూసినవాడికే దాగి ఉన్నది దొరుకుతుంది.

ఆ బొగ్గుకూ మన సువార్తకూ ఒక పాత బంధుత్వం ఉంది. ఇల్లెందు బొగ్గును తరలించడానికి నిజాం రాజ్యంలో వేసిన రైలు మార్గమే డోర్నకల్‌ను జంక్షన్ చేసింది. తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో 1903లో స్థాపించుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ తన పని క్షేత్రంగా ఆ డోర్నకల్‌నే ఎంచుకుంది. తమిళుడైన వి.ఎస్. అజరయ్య 1909లో గురువుగా అభిషేకం పొంది అక్కడికి వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన హయాంలో కట్టిన ఎపిఫనీ కెథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైంది. మెదక్ కెథీడ్రల్ కథ ఇంకా పెద్దది. 1914లో మొదలై, కరువు రోజుల్లో పనికి తిండి పెట్టి, పదేళ్లు రాయి మీద రాయి పేర్చి, 1924 డిసెంబరు 25న తలుపులు తెరిచారు. ఆ తరం వారికి క్రిస్మస్ ఒక ఫ్లెక్సీతో, ఒక ప్యాకెట్ కేకుతో వచ్చేది కాదు.

బైబిల్లో గని కార్మికుల ప్రస్తావన ఉందంటే చాలామంది ఆశ్చర్యపోతారు. యోబు గ్రంథం 28వ అధ్యాయం తీసి చూడండి. మనిషి చీకటికి హద్దు పెట్టి, నరసంచారం లేని చోట సొరంగం తవ్వి, తాళ్లకు వేలాడుతూ కిందికి దిగి, కొండలను వేళ్లతో సహా పెకలిస్తాడని అక్కడ ఉంది. గద్ద కన్నుకు కూడా ఆనని దారిలోకి మనిషి చొచ్చుకుపోతాడట. వేల ఏళ్ల కిందట ఎవరో బాయిలోకి దిగి చూసి రాసినట్టే ఉంటుంది. అంతా వర్ణించాక యోబు ఒక ప్రశ్న వేస్తాడు. వెండి దొరికింది, నీలం దొరికింది, మరి జ్ఞానం ఎక్కడ దొరుకుతుంది? అగాధాన్ని అడిగితే నాలో లేదంటుంది, సముద్రాన్ని అడిగితే నా దగ్గర లేదంటుంది. రెండు వందల, మూడు వందల మీటర్ల లోతు నుంచి బొగ్గు తీసుకొచ్చిన చేతులకు ఈ ప్రశ్న బాగా అర్థమవుతుంది. ఇంత లోతుకు దిగగలిగిన మనం మన లోపలికి ఎంత దిగాం?

ఏలీయా ప్రవక్త కూడా ఒక గుహలోనే తలదాచుకున్నాడు (1 రాజులు 19). ప్రాణభయంతో పారిపోయి హోరేబు కొండ చేరాడు. బండలు బద్దలయ్యే పెనుగాలి వచ్చింది, అందులో దేవుడు లేడు. భూమి కంపించింది, అందులోనూ లేడు. అగ్ని వచ్చింది, అందులోనూ లేడు. ఆ తర్వాత వచ్చిన మెల్లని స్వరం విన్నాకే ప్రవక్త ముఖం కప్పుకుని గుహ ద్వారం దగ్గరికి వచ్చాడు. ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ జరిగి ఇంటి కిటికీలు అదిరే ప్రాంతంలో బతుకుతున్న మనకు ఈ వరస బాగా తెలిసిందే. సింగరేణి బొగ్గులో అధిక భాగం ఇప్పుడు ఓపెన్‌కాస్టు గనుల నుంచే వస్తోంది. మట్టి గుట్టలు పెరిగాయి, డంపర్ల రొద పెరిగింది. పేలుడు చప్పుడుకు అలవాటు పడిన చెవికి మెల్లని స్వరం ఆనడం కష్టం. అందుకేనేమో మన ప్రార్థనలు కూడా బ్లాస్టింగుల్లా తయారయ్యాయి. కేక పెట్టి పిలిస్తేనే దేవుడు పలుకుతాడన్నట్టుంది మన వాలకం.

జెకర్యా సంగతి మరీ విచిత్రం (లూకా 1). ఆయన యాజకుడు. దేవాలయంలో యాజకులకు తరగతుల వారీగా వంతులుండేవి. అబీయా తరగతి వంతు వచ్చినప్పుడు, చీటీ వేస్తే ధూపం వేసే పని ఆయనకు పడింది. మన భాషలో చెప్పాలంటే ఆయన షిఫ్టులో ఉన్నాడు. అప్పుడే గబ్రియేలు దూత వచ్చి, ముసలితనంలో కొడుకు పుడతాడని చెప్పాడు. జెకర్యా నమ్మలేకపోయాడు. నోరు మూగబోయింది. బిడ్డ పుట్టి ఎనిమిదో రోజు దాకా మాట లేదు. జనమంతా బయట ఆశీర్వాదం కోసం నిలబడి ఉంటే, ఆశీర్వదించాల్సిన యాజకుడు సైగలు చేస్తూ వచ్చాడు! దీన్ని శిక్ష అని బోధిస్తారు. కొంత శిక్షే కావచ్చు. కాని మాకు అందులో దేవుని దయ కూడా కనిపిస్తుంది. జీవితమంతా ప్రార్థనలు వల్లించిన నోటికి దేవుడు సెలవు ఇచ్చాడు. మాట్లాడలేని ఆ నెలల్లో ఆయన ఇంట్లో ఎలీసబెతు కడుపున బిడ్డ కదిలిన సంగతి, గలిలయ నుంచి మరియ వచ్చిన సంగతి, ఆ ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకున్న మాటలు ఆయన వినే ఉంటాడు. పలక మీద కొడుకు పేరు రాసిన తర్వాత నోరు తెరుచుకుంటే మొదట వచ్చింది ఫిర్యాదు కాదు, స్తోత్రం. మొదటి క్రిస్మస్‌కు ముందున్న ఆగమన కాలాన్ని ఒక యాజకుడు మౌనంగా గడిపాడన్నది మన ప్రసంగీకులు ఒక్కసారి ఆలోచించాల్సిన విషయం.

వెలుగు గురించి కూడా బాయి ఒక పాఠం చెబుతుంది. చీకట్లో ఉన్న ప్రజలు గొప్ప వెలుగు చూస్తారన్న యెషయా ప్రవచనం మీద ప్రతి డిసెంబరులో ప్రసంగాలు వింటాం. చీకటి అంటే ఏమిటో తెలియాలంటే భూగర్భంలో క్యాప్ ల్యాంప్ ఆర్పి చూడాలి. కంటి ముందు పెట్టుకున్న సొంత చెయ్యి కనిపించదు. 1815లో హంఫ్రీ డేవీ తయారుచేసిన సేఫ్టీ ల్యాంపును మీథేన్ వాయువు ఉందో లేదో చూడటానికి తరతరాల గని కార్మికులు వాడారు. చూసే పద్ధతి ఇది. ముందు వత్తిని బాగా తగ్గించాలి. మంట సన్నగా, చిన్నగా అయ్యాక దాని మీద లేత నీలి రంగు టోపీలాంటిది కనిపిస్తే గ్యాసు ఉన్నట్టు. మంట పెద్దగా ఉంటే ఆ నీలి టోపీ కంటికి ఆనదు. తన వెలుగు తగ్గించుకుంటేనే చూడాల్సింది కనిపిస్తుందన్నమాట. క్రీస్తు హెచ్చాలనీ తాను తగ్గాలనీ చెప్పిన బాప్తిస్మమిచ్చు యోహాను (యోహాను 3:30) ఆ మాట ఎందుకన్నాడో బాయి సర్దారుకు ఎవరూ వివరించనక్కర్లేదు. వేదిక మీద ఫోకస్ లైట్లు, ముఖ్య అతిథికి శాలువా, ఫ్లెక్సీ మీద యేసు ప్రభువు కన్నా పెద్దగా నాయకుల ఫొటోలు. ఇన్ని వెలుగుల్లో ఆ నీలి మంట ఎవరికి కనిపిస్తుంది చెప్పండి!

ఈ ప్రాంతానికి ఎదురుచూపు కొత్త కాదు. షిఫ్టు దిగే వేళ దాటినా మనిషి ఇంటికి రాకపోతే గుమ్మంలో నిలబడే ఆడవాళ్లకు అది తెలుసు. బాయి మీద ల్యాంప్ రూంలో ఒక్కో దీపానికీ ఒక్కో నంబరు. అందరివీ తిరిగొచ్చి ఒక్క దీపం రాలేదంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో పైకప్పు కూలి మరో 10 మంది పోయారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలినప్పుడు బాయి మీద జనం రాత్రంతా కాచుకున్నారు. కొందరు ప్రాణాలతో బయటపడ్డారు, ముగ్గురు తిరిగి రాలేదు. ఆ ఇళ్లలో వారిది ఏ మతమైనా, ఎదురుచూడటమంటే ఏమిటో మన ప్రసంగాల కన్నా వారికే బాగా తెలుసు. అలాంటి ఇంటి ముందు ఆగి, డప్పు కాసేపు ఆపి, లోపలికి వెళ్లి మాట్లాడకుండా కూర్చుని వస్తే అది క్యారల్ కాకుండా పోతుందా?

లూకా రాసిన అన్న అనే ప్రవక్త్రి కూడా అలాంటి ఇంటిదే. ఏడేళ్లు కాపురం చేసి భర్తను పోగొట్టుకుంది. ఎనభై నాలుగేళ్ల ముసలితనంలో కూడా దేవాలయం విడవకుండా రాత్రింబవళ్లు ఉపవాసంతో ప్రార్థిస్తూ గడిపింది. యోసేపు మరియలు నెలల బిడ్డను ఎత్తుకుని గుడిలోకి వచ్చిన రోజున యెరూషలేములో ఎంత మంది యాజకులు, ఎంత మంది శాస్త్రులు ఉండి ఉంటారు! వాళ్లెవరికీ ఆ బిడ్డ ఆనవాలు తెలియలేదు. గుర్తుపట్టింది ఒక వృద్ధుడు సుమెయోను, ఒక వితంతువు అన్న. ఇద్దరూ కనిపెట్టుకుని ఉన్నవాళ్లే. బొగ్గు ప్రాంతంలో అన్న లాంటి తల్లులున్న సంఘాలు ఎన్నో. వాళ్లను వేదిక మీదికి పిలిచి చీర పంచుతాం, మంచిదే. వాళ్ల దగ్గర కూర్చుని ప్రార్థించడం నేర్చుకున్నామా?

ప్రపంచంలో మరికొన్ని చోట్ల గని కార్మికులు ఆగమన కాలాన్ని తమదిగా చేసుకున్నారు. కేథలిక్కులు గని పనివారి పాలక పునీతురాలిగా భావించే బార్బరా పండుగ డిసెంబరు 4న, సరిగ్గా ఈ కాలంలోనే వస్తుంది. పోలండ్ బొగ్గు కార్మికులకు అది పెద్ద రోజు. జర్మనీలోని ఎర్జ్‌గెబిర్గె గనుల ప్రాంతంలో చలికాలమంతా కార్మికులు తెల్లవారకముందే బాయి దిగి పొద్దుగూకాక పైకొచ్చేవారు. సూర్యుణ్ని చూసే యోగం ఉండేది కాదు. అందుకే అక్కడి ఇళ్ల కిటికీల్లో ఆగమన కాలంలో కొవ్వొత్తుల కమాను పెట్టే ఆచారం పుట్టింది. మన సంఘాల్లో కొన్నిచోట్ల నాలుగు కొవ్వొత్తులతో పెట్టే ఆగమన దండ కూడా జర్మనీదే. హాంబర్గ్‌లో అనాథ బాలలకు ఆశ్రయమిచ్చిన యోహాన్ విహెర్న్ అనే పాస్టరు, క్రిస్మస్ ఎప్పుడొస్తుందని పిల్లలు పదేపదే అడుగుతుంటే 1839లో ఒక బండి చక్రం మీద కొవ్వొత్తులు గుచ్చి రోజుకొకటి వెలిగించాడు. పిల్లలకు పండుగను ముందే ఇచ్చేయకుండా, ఎదురుచూడటమే ఒక ఆనందమని నేర్పాడు ఆయన.

ఇక మనం చేయగలిగినవి చూద్దాం. ఇవన్నీ పైసా ఖర్చు లేనివే. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఏ సంఘమూ బయట మైకు పెట్టకూడదని పాస్టర్లంతా కూర్చుని ఒక మాట అనుకుంటే నైట్ షిఫ్టు ఇళ్లు ఎన్నో దీవిస్తాయి, హిందువుల ఇళ్లూ ముస్లిముల ఇళ్లూ కూడా. ఆదివారం ప్లే డే డ్యూటీకి రెట్టింపు జీతం వస్తుంది కాబట్టి నాలుగు ఆదివారాలూ వదులుకోమని చెప్పడం తేలిక, ఇంటి ఖర్చులు చూసుకునేవాడికి అది తేలిక కాదు. కనీసం ఒక్క ఆదివారం వదులుకోగలమేమో ఇంట్లో మాట్లాడుకోవచ్చు. ఆరాధనలో ప్రసంగం ముగిశాక వెంటనే కీబోర్డు అందుకోకుండా మూడు నిమిషాలు ఊరుకోవచ్చు. మొదటి వారం దగ్గులూ కుర్చీల చప్పుళ్లూ తప్ప ఏమీ వినిపించవు. రెండో వారం మనసులోని అప్పులూ తగాదాలూ వినిపిస్తాయి. అవి వినిపించడం మంచిదే, పైకప్పు బోలుగా ఉందని తెలిస్తేనే కదా ఆసరా పెట్టేది. మూడో వారానికి చాలామందికి ఆ మూడు నిమిషాలు చాలవు.

యేసు ప్రభువు తన రాకను గురించి చెబుతూ సాయంకాలమో, అర్ధరాత్రో, కోడి కూసే వేళో, తెల్లవారుజామునో యజమాని వస్తాడని, ద్వారం దగ్గరున్నవాడు మెలకువగా ఉండాలని అన్నాడు (మార్కు 13). ఆ కాలంలో రాత్రికి నాలుగు జాములు, నాలుగు కాపలాలు. ఆయన పుట్టిన వార్త కూడా మొదట రాజులకు వెళ్లలేదు, ప్రధాన యాజకులకూ వెళ్లలేదు. పొలంలో వంతులవారీగా మంద కాస్తున్న గొర్రెల కాపరులకు వెళ్లింది. నైట్ డ్యూటీ మనుషులకు! ఊరంతా నిద్రపోతున్న వేళ మేలుకుని, మాట్లాడటానికి ఎవరూ లేక, చీకట్లోకి చూస్తూ కూర్చున్నవాళ్లకు.

గోదావరిఖనిలో డిసెంబరు 24 రాత్రి పదకొండు గంటల వేళ రోడ్ల మీద రెండు రకాల జనం ఎదురవుతారు. రెండో షిఫ్టు దిగి, స్నానం చేసి, కొత్త బట్టలు కట్టుకుని అర్ధరాత్రి ఆరాధనకు వెళ్లేవాళ్లు కొందరు. టిఫిన్ డబ్బా పట్టుకుని, మస్టర్ పడే టైముకు బాయి మీదికి వెళ్లేవాళ్లు కొందరు. గుడిలో గంట మోగి పాట అందుకునే సమయానికి ఆ రెండో గుంపు ల్యాంప్ రూం ముందు వరసలో నిలబడి ఉంటుంది. కిటికీలోంచి దీపం అందుకుని టోపీకి తగిలించుకుని ఒక్కొక్కరే కిందికి దిగుతారు. సర్దార్ ముందు నడిచి, కర్ర ఎత్తి పైకప్పును ఒకసారి కొట్టి, ఊపిరి బిగబట్టి వింటాడు.